తారాఫీసు గుంటలో నీళ్లు

చిరంజీవి సౌభాగ్యవతి రాజమణికి,

మీ అమ్మ వేయి దీవెనలు పెట్టి, తన చేత్తోనే రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం రెండు పూటలా తింటున్నాము, కంటికి నిద్ర వచ్చినప్పుడు పడుకుంటున్నాము. దాన్నే క్షేమం అంటారు కాబట్టి క్షేమం అని రాస్తున్నాను. అక్కడ షోలాపురంలో నువ్వు, అల్లుడు, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను.

అక్షరాలు వంకర పోతే నవ్వకు. ఎప్పుడూ నేను చెబుతుంటే మీ వదిన శారదమ్మ రాసేది. ఈ ఉత్తరం ఆమెతో రాయించేది కాదు. అందుకే మీ బాపు ఎప్పుడో నేర్పిన నాలుగు అక్షరాలను మూలకు పడ్డ బిందెలాగ తోముకొని కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నం తిని ఆమె నడుం వాల్చినాక రాస్తున్నాను. వాకిట్లో కోడి కదిలినా కాగితం కొంగు కింద దాస్తున్నాను.

చిన్నవాడి దగ్గు తగ్గలేదని రాసినావు. వాముపొడి నిప్పుల మీద వేసి ఆ పొగ పట్టించు. అయినా తగ్గకుంటే దవాఖానకు తీసుకుపో, నా మాట మీదనే ఉండకు. అల్లుడు సాంచల మధ్యన నడిచేటప్పుడు ధోవతి పైకి చెక్కుకొమ్మని చెప్పు. మన చేతిమగ్గం మనిషి ఆగితే ఆగుతుంది గానీ కరెంటు మగ్గం ఎవరి కోసమూ ఆగదట కదా, ఆ ఫికరు నాకు ఎప్పుడూ ఉంటుంది. నా మోకాళ్ల సంగతి అడిగినావు. అవి ఉన్నచోటే ఉన్నాయి, నొప్పీ ఉన్నచోటే ఉంది.

ఇక అన్న చెయ్యి ఎట్లుంది, ఉద్యోగం ఉంటుందా పోతుందా అని అడిగినావు. దానికి ఒక్క మాటలో జవాబు లేదు బిడ్డా. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించి వచ్చి చదువు.

ఇంటి ముందరి గదే తారాఫీసు అయినా, మీ అన్న పరమేశ్వర్ పని నువ్వు దగ్గర ఉండి చూసింది లేదు. బల్ల మీద ఇత్తడి మీట ఉంటుంది. పొట్టిగా నొక్కితే ఒక తీరు చప్పుడు, పొడుగ్గా నొక్కితే ఒక తీరు. ఆ పొట్టివీ పొడుగువీ ఒకదాని వెనక ఒకటి తీగ మీద పోతుంటే, అవతలి ఆఫీసు వాడు విని అక్షరాలు చేసుకుంటాడు. తారు అంటే అదే. మగ్గంలో పోగు వెనక పోగు పడ్డట్టే. మనకు ఎన్నో ఏండ్లుగా అన్నం పెట్టింది ఆ చప్పుడే.

శివరాత్రి దాటినాక పెద్ద ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇక్కడి నుంచి వచ్చే చప్పుళ్లు విరిగి వస్తున్నాయి, పంపేవాని చెయ్యి పాడైనట్టుంది, డాక్టర్లకు చూపించవలసి వస్తుంది అని. ఏండ్ల తరబడి మీట కొట్టేవాళ్లకు ఆ రోగం వస్తుందట. నిజమని తేలితే ఇంటికి పంపుతారు. మీ అన్న కాగితం మడిచి జేబులో పెట్టుకొని, "ఏం లేదమ్మా, అవతలోనికి చెవులు సక్కగ లేవు" అని నవ్వినాడు. నవ్వినాడు గానీ ఆ రోజు నుంచి చాయ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకోవడం మొదలుపెట్టినాడు. ఎందుకో నాకు తెలుసు. కుడిచేత్తో పట్టుకుంటే గ్లాసు సాసరు మీద గలగలమని కొట్టుకునేది.

మీ బాపు చెయ్యి నీకు గుర్తుందో లేదో, అప్పటికి నువ్వు చిన్నదానివి. మగ్గంలో అటూ ఇటూ పోగు తోసే నాడె చేతిలో నుంచి జారి పడేది. నారాయణపేటలో ఆయన నేసినట్టు అంచు నేసేవాళ్లు లేరన్న షావుకారే వచ్చి, మగ్గం మీది పడుగు కోసుకొని పోయినాడు. ఆ తరువాత ఆయన గోడకు ఆనుకొని కూర్చున్నాడు. కూర్చున్నట్టే పోయినాడు. ఆ గోడే నాకు రోజూ కండ్ల ముందర కనబడేది. దాని దగ్గర ఇప్పుడు పరమేశ్వర్ కూర్చున్నట్టు కనబడేది.

ఆ తరువాత కొన్నాళ్లకు తీగలో మాటే సన్నబడింది. ఒక పూట అవతలికి వినబడేది, ఒక పూట వినబడేది కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన వెనక ఇంటి గొల్లాయన గుర్వయ్య పోయినాడు. సోమమ్మ పెనిమిటి, నీకు గుర్తుండాలి, నీ పెండ్లికి పొట్టేలు ఇచ్చినాడు. ఆయన కొడుకు కురుమయ్య ఈ కరువుకు గడ్డి లేక మందను ఆత్మకూరు అవతల కృష్ణ ఒడ్డుకు తోలుకొని పోయి ఉన్నాడు. మీ అన్న తారు కొట్టినాడు. నాయిన పోయిండు, వెంటనే రా అని. అవతల సగమే వినబడిందట, ఏ ఊరికో తెలియక ఆ తారు అక్కడే పడి ఉండిపోయింది. కురుమయ్య వచ్చేసరికి గుర్వయ్య అన్న కొడుకు చేత మట్టి ఇప్పించినారు.

చెయ్యి చెడ్డదా తీగ చెడ్డదా తేల్చడానికి పట్నం నుంచి జీపులో ఒక సారు వచ్చినాడు. పేరు ఇస్రాయేలు, నల్గొండ వైపు మనిషే, మన మాటే మాట్లాడుతాడు. ఒక బరువైన పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టినాడు. దానికి ముందర గుండ్రటి అద్దం, అద్దం మీద గళ్లు. దాని పేరు నా నాలుకకు తిరగలేదు. ఆసిలోస్కోపు అట, మీ అన్న రాసి చూపించినాడు.

భయపడుతూనే దగ్గరికి పోయినాను. "ఏమయ్యా, గిది దవాఖానల బొక్కల ఫొటో దీసే పెట్టె లెక్కనా? చెయ్యి లోపట జూస్తదా?" అని అడిగినాను.

ఆయన నవ్వినాడు. "చెయ్యిని జూడది అవ్వా. చెయ్యి నడిచిపోయిన జాడను జూస్తది."

అది ఇంకా భయం అనిపించింది. ఉప్పు, మిరపకాయలు తెచ్చి మీ అన్న చుట్టూ తిప్పుతుంటే శారదమ్మ ఊరుకుంటుందా? "అత్తమ్మా, గా పెట్టెకు గూడ దిష్టి తియ్యిరాదు, పట్నంకెళ్లి వచ్చింది పాపం" అన్నది. సారు కూడా నవ్వినాడు. మీ అన్న ఒక్కడే నవ్వలేదు.

తీగకు పెట్టెను కలిపి, పెట్టెకు ఉన్న మీట తిప్పితే అద్దం మీద ఆకుపచ్చ గీత ఒకటి ఈ అంచు నుంచి ఆ అంచుకు నడిచింది. మీ అన్న మీట నొక్కితే ఆ గీత మెట్టెక్కినట్టు లేవాలి, వదిలితే దిగాలి. పొట్టిగా నొక్కితే సన్నటి మెట్టు, పొడుగ్గా నొక్కితే వెడల్పు మెట్టు. చీర అంచులో కోటకొమ్మలు వచ్చినట్టు వరుసగా రావాలట. ఎన్ని గళ్ల వెడల్పు ఉందో చూసి, చెవి లేకుండా, ఒట్టి కంటితోనే ఏ అక్షరమో చెప్పవచ్చునట. కానీ గీత లేవలేదు. కొంచెం కదిలి కుంగిపోయింది. దాని నిండా నూగు, చెదలు తిన్న అంచులాగ. సారు అద్దానికి ముక్కు ఆనించి, ఒక అక్షరం చెప్పి, రెండోది చెప్పబోయి ఆగిపోయినాడు.

"మాస్టరు సాబ్, నాకు మీ చెయ్యే కనబడ్తలేదు. లైనే పండుకున్నది. వెనక ఎర్తు గుంటల నీళ్లు పడ్తున్నయా?"

ఆ గుంట సంగతి చెబుతాను. తీగ మీద పోయిన కరెంటు మట్టిలో నుంచి తిరిగి వస్తుందట. అందుకు ఆఫీసు వెనక లోతుగా రాగిరేకు పాతి, బొగ్గు, ఉప్పు నింపి పెట్టినారు. ఆ మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి. ఎండితే తీగలో మాట సన్నబడుతుంది. రోజూ ఒక బిందె నీళ్లు పోయాలి. మనం ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి ఆ పని నాది.

"మా అమ్మ పోస్తది సారూ," అన్నాడు మీ అన్న. "ఇంట్ల తాగనీకి లేకున్నా గుంటకు తప్పియ్యది."

"నిజమేనా అవ్వా?"

నేను తల ఊపినాను.

సారు కిటికీలో నుంచి గుంట వైపు ఒకసారి చూసినాడు. "గీ ఎండకు పైమట్టి ఎండుడు మామూలే. అవ్వ పోస్తున్నదంటే లోపట తడి ఉంటది. గట్లయితే తప్పు ఆ దిక్కు ఎక్కన్నో ఉన్నది. మాస్టరు చెయ్యిల తప్పు లేదని రాసిస్త" అన్నాడు.

శారదమ్మ చేతులు జోడించింది. మీ అన్న మొహం చూడలేకపోయినాను.

రాజమణీ, ఇప్పుడు నిజం రాస్తున్నాను. పెద్ద ఆఫీసు కాగితం వచ్చినప్పటి నుంచి ఆ గుంటలో నేను చుక్క నీళ్లు పోయలేదు. మరిచిపోయి కాదు. కావాలనే పోయలేదు. గుంట ఎండితే తీగ చెడుతుందని మీ అన్నే ఎన్నోసార్లు చెప్పినాడు కదా. తీగ చెడితే తప్పు తీగ మీదికి పోతుంది, నా కొడుకు చెయ్యి జోలికి ఎవరూ రారు అని నా ముసలి బుర్రకు తోచింది. రోజూ బిందె ఎత్తుకొని అందరికీ కనబడేటట్టే వెనకకు పోయేదాన్ని. గుంట దగ్గర ఆగకుండా సోమమ్మ వాకిట్లోకి పోయి ఆమె కుండలో పోసి వచ్చేదాన్ని. ఈ ఏడు బావులు ఎండినాయి, మంచం మీద గుర్వయ్య నీళ్లు నీళ్లు అంటున్నాడు. పాపం చేస్తూ దానికి పుణ్యం కుట్టుకున్నాను. సోమమ్మ నా చెయ్యి పట్టుకొని కండ్లకు అద్దుకునేది.

గుర్వయ్య గొంతు తడిపింది ఆ నీళ్లే. కొడుకును ఆయన దగ్గరికి రాకుండా చేసిందీ ఆ నీళ్లే.

సారు కాగితం తీసి రాయబోతుంటే గడపలో నీడ పడింది. కురుమయ్య. గుండు చేయించుకొని, భుజం మీద గొంగడితో నిలబడినాడు. పెద్ద సారు వచ్చినాడని విని వచ్చినాడు. కొట్లాటకు వచ్చినాడేమో అనుకున్నాను. కొట్లాడినా బాగుండేది.

"తార్ సారూ, ఒక్క మాట అడిగి పోత. మా నాయిన పోయిననాడు నువ్వు తార్ కొట్టినవా, కొట్టలేదా?"

"కొట్టిన కురుమన్నా. మళ్ల మళ్ల కొట్టిన."

"మరి యాడికి పోయింది?"

కురుమయ్య అంతకు మించి ఏమీ అడగలేదు. పోబోతూ తలుపు పక్కన ఉన్న నన్ను చూసినాడు.

"అవ్వా, మా అమ్మ జెప్పింది. మా నాయిన పండుకున్నన్ని దినాలు నీళ్లకు తండ్లాడకుంట జూసినవంట. నీ కడుపు సల్లగుండ" అని వంగి నా కాళ్లు ముట్టినాడు.

ఆ చేతులు నా పాదాలకు నిప్పు తగిలినట్టు తగిలినాయి బిడ్డా. ఇంట్లోకి పోయి నిండు బిందె ఎత్తుకున్నాను. "అత్తమ్మా, గవి తాగే నీళ్లు! ఏం జేస్తున్నవ్?" అని శారదమ్మ వెనకనే ఉరికి వచ్చింది. గుంట మీది బండ పక్కకు జరిపి బిందె బోర్లించినాను. మట్టి బుసబుసలాడింది. ఎంత దూపతో ఉందో అంత చప్పుడు చేసింది. రెండో బిందె పోసినాను. ఉప్పు వాసన వచ్చింది.

లోపల సారు మీ అన్నను మళ్లీ మీట కొట్టమనడం వినబడింది, మొదలు ఏమీ కాలేదు. నేను ఖాళీ బిందె పట్టుకొని నిలబడినాను. కొంచెం సేపటికి లోపలి నుంచి సారు గొంతు వినబడింది. "కొట్టున్రి మాస్టరు, ఆపకున్రి! లేస్తున్నది, లేస్తున్నది!"

వచ్చి తలుపు దగ్గర నుంచి చూసినాను. ఆకుపచ్చ గీత నిటారుగా లేచింది. నూగు పోయింది. కోటకొమ్మలు ఒకదాని పక్కన ఒకటి నిలబడినాయి. సారు ఇప్పుడు అక్షరాలు గడగడా చదువుతున్నాడు. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించినాడు. ఆ తరువాత చదవలేదు.

పొడుగు కొమ్మ ఒక్కొక్కదాని నడుమ చిన్న గంటు ఉంది. పోగు తెగి మళ్లీ అతికినట్టు. పొట్టి వాటి పక్కన అక్కరలేని ముల్లు ఒకటి లేస్తున్నది. నొక్కిన చెయ్యి నిలకడగా నొక్కలేదని, నడుమ ఎగిరి మళ్లీ పడిందని అద్దం చూపిస్తున్నది. అన్నాళ్లు ఎండిన గుంట దాన్ని దాచిపెట్టింది. నీళ్లు పోసి బయట పెట్టింది నేనే. మీ అన్న అద్దం వైపు ఒకసారి చూసి, చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దాని మీద రెండో చెయ్యి వేసి కప్పినాడు. ఇస్రాయేలు సారు పెట్టె మీట తిప్పి ఆ వెలుగు ఆర్పేసినాడు. మంచివాడు.

అందరూ నేను మరిచిపోయినానే అనుకున్నారు. "అత్తమ్మకు యాది మరుపు ఎక్కువైంది సారూ, తప్పు వట్టకున్రి" అని శారదమ్మ నా తరఫున బతిమాలింది. నేను తల వంచుకొని ఆ మాట మోసినాను. ముసలితనం అంత మంచి ముసుగు ఇంకొకటి లేదు.

సారు ఉన్నది ఉన్నట్టే రాసినాడు. గుంట ఎండింది, సరి చేసినాము అని ఒకటి. మాస్టరు చేతికి మూడు నెలలు విశ్రాంతి కావాలి, ఆ తరువాత మళ్లీ ఈ పెట్టె ముందర కూర్చోబెట్టి చూడాలి అని ఒకటి. పోయే ముందర మీ అన్నతో, "ఏ చేత్తో కొట్టాలని రూల్ల లేదు మాస్టరు. మీటను ఎడమ దిక్కు పెట్టుకొని నేర్సుకున్రి. నేర్సుకున్నోళ్లను నేను జూసిన" అన్నాడు. మూడు నెలలకు గీత సాఫుగా వస్తే ఉద్యోగం ఉంటుంది. రాకుంటే లేదు. నువ్వు అడిగినదానికి జవాబు అది.

జీపు ఎక్కుతున్న సారు దగ్గరికి నేను ఒక్కదాన్నే పోయి అడిగినాను. "అయ్యా, గా కురుమయ్య తారు పాడైంది చెయ్యితోనా, మట్టితోనా?"

ఆయన జీపు మెట్టు మీది నుంచి కాలు దించినాడు. "చెయ్యి వణికి అక్షరం విరిగితే అవతలోడు మళ్ల కొట్టుమంటడు, మళ్ల కొడితే పోతది. మాటనే సన్నబడితే ఎన్నిసార్లు కొట్టినా గంతే. మట్టితోనే అవ్వా" అన్నాడు. ఇంకేదో అడగబోయినట్టు ఆగి, అడగకుండా పోయినాడు.

ఆ మాట మీ అన్న వినలేదు.

ఇప్పుడు వాడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. సారు ఇచ్చిపోయిన పాత మీటను చెక్కకు బిగించుకొని, వెనక గదిలో కూర్చొని ఎడమ చేత్తో కొడుతుంటాడు. నేను ఇది రాస్తున్నంతసేపూ ఆ చప్పుడు వినబడుతూనే ఉంది. మొదటిసారి మగ్గం గుంటలో కూర్చున్న పిల్లవాని చప్పుడులాగ ఎగుడుదిగుడుగా ఉంది. గుంటకు నీళ్లు కూడా వాడే పోస్తున్నాడు. "నీకెందుకమ్మా బరువు, నేను జూసుకుంట" అని నా చేతిలో బిందె తీసుకున్నాడు. అది కూడా ఎడమ చేత్తోనే.

రోజూ ఒకే తీరు చప్పుడు వస్తుంటే నిన్న అడిగినాను. "ఏం గొడుతున్నవ్ బిడ్డా, ఎప్పుడు గదే గొడుతవు?"

వాడు తల ఎత్తలేదు. "కురుమన్న తార్ అమ్మా. నాయిన పోయిండు, వెంటనే రా. నా చెయ్యితోనే గది పాడైంది. గది సాఫుగ పోయేదాక ఇంకోటి కొట్ట."

రాజమణీ, నీకు ఒక్కదానికి రాసి గుండె మీది బరువు దించుకుందామని మొదలుపెట్టినాను. శారదమ్మ చదవకుండా చూసుకోవాలని, జవాబులో ఈ మాట ఎత్తవద్దని చివర రాద్దామనుకున్నాను. కానీ రాస్తుంటే ఆ చప్పుడు ఆగడం లేదు. నేను చేసిన పనికి నా కొడుకు తన చేతికి తాను శిక్ష వేసుకుంటున్నాడు. చెయ్యి పోయినా మీ బాపు మీద ఎవరి ఉసురూ లేదు. వీని మీద ఉందని వీడు అనుకుంటున్నాడు. ఉద్యోగం పోతే గోడకు ఆనుకుంటాడని భయపడి, నేనే గోడ కట్టి కూర్చోబెట్టినాను.

చెబితే నా మొహం చూస్తాడో చూడడో తెలియదు. శారదమ్మ ఏమంటుందో తెలియదు. కురుమయ్య, సోమమ్మ నన్ను వాకిట్లోకి రానిస్తారో లేదో తెలియదు. ఇంట్లో చెప్పినాక పొద్దు గూకక ముందే అక్కడికీ పోతాను. మీ అన్న వెంట వస్తే ఇద్దరం, రాకుంటే నేను ఒక్కదాన్నే.

అదిగో, చప్పుడు ఆగింది. చెయ్యి నొచ్చి దులుపుకుంటున్నట్టున్నాడు. మళ్లీ మొదలుపెట్టక ముందే పోవాలి.

పిల్లల తలలు నిమిరినానని చెప్పు. నీ జవాబులో ఏమి రాయాలనిపిస్తే అది రాయి. శారదమ్మే చదివి వినిపిస్తుంది, చదవనీ.

ఇట్లు,
నీకూ మీ అన్నకూ అమ్మ